గుండెపోటు అంటాం, హృదయపోటు అనం: ఇంగ్లిష్ పదసంపద వెనుక లెక్కలు, చిక్కులు

2017 మే నెలలో పార్లమెంటు సభ్యుడు శశి థరూర్ ట్విటర్‌లో చేసిన ఒక వ్యాఖ్యలో ‘ఫరాగో’ అనే మాట వాడారు. దాని అర్థం ఏమిటని నిఘంటువులు వెతికినవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మరుసటి ఏడాది ఆయనే 29 అక్షరాల ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ను జనం మధ్యకు తెచ్చారు. గొప్ప ఇంగ్లిష్ అంటే ఇలాంటి మాటలు ఎన్ని తెలిస్తే అంత అన్న నమ్మకం మన దగ్గర ముందే ఉంది. ఆ రెండు సందర్భాలు దాన్ని మరింత గట్టిపరిచాయి.

నిజానికి ఆ రెండు మాటల లోపల ఉన్నది పల్లెటూరి సామగ్రి. లాటిన్‌లో ‘ఫరాగో’ అంటే పశువులకు వేసే కలగలుపు దాణా. రకరకాల గింజలు కలిసిన మేత నుంచి, పొంతన లేని విషయాల కలగాపులగం అనే అర్థం వచ్చింది. రెండో మాటలో ఉన్నవి ఉన్ని పోగు, వెంట్రుక, శూన్యం వంటి లాటిన్ పదాలు. విలువ లేదని చెప్పడానికి రోమన్లు వాడుకున్నవన్నీ వరుసగా అతికిస్తే ఆ పొడవు వచ్చింది. దేన్నైనా పనికిమాలినదిగా చూడటం అని దాని అర్థం. మనకు ఆ పని ఒక్క మాటతో అయిపోతుంది: తృణీకరించడం. తృణం అంటే గడ్డిపోచ. వాళ్లు ఉన్ని పోగుతో పోల్చారు, మనవాళ్లు గడ్డిపోచతో పోల్చారు.

ఇలాంటి మాటలు తెలుసుకోవడం సంతోషమే. కానీ అమెరికా చదువులకని జీఆర్ఈ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతూ అమీర్‌పేటలో గది తీసుకున్న విద్యార్థికి ఎదురయ్యే గందరగోళం వేరు. ఒకరు మూడు వేల మాటలు చాలంటారు, ఒకరు ఇరవై వేలు కావాలంటారు. ఒకరు జాబితా బట్టీ పట్టమంటారు, ఒకరు జాబితాలన్నీ అవతల పారేసి పుస్తకాలు చదవమంటారు. వీరిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో వస్తువును కొలుస్తున్నారు, అంతే.

ఒకే మనిషికి 42,000 మాటలు, 11,100 మాటలు

బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్రిస్‌బార్ట్, ఆయన సహచరులు 2016లో ఒక అంచనా ప్రకటించారు. అమెరికన్ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న సగటు ఇరవై ఏళ్ల వ్యక్తికి సుమారు 42,000 మాటలు తెలుసు. అదే అధ్యయనం ప్రకారం, ఆ మాటలన్నీ 11,100 పద కుటుంబాల నుంచి వచ్చినవి. మనిషి ఒక్కడే, జ్ఞానం ఒక్కటే, అంకెలు రెండు. పత్రికల్లో మొదటి అంకె చదివినవారు బెంబేలెత్తుతారు, రెండో అంకె చదివినవారు ఊపిరి పీల్చుకుంటారు.

పద కుటుంబం అంటే ఒక మూలపదం, దానికి విభక్తులూ ప్రత్యయాలూ చేరి ఏర్పడే రూపాలు అన్నీ కలిపి ఒక లెక్క. ‘డెవలప్, డెవలప్డ్, డెవలపర్, డెవలప్‌మెంట్’ అన్నీ కలిసి ఒక్కటే. నిఘంటువులో విడిగా అర్థం ఇచ్చే మాటలు లెక్కపెడితే ఇవే మూడు నాలుగు అవుతాయి. అచ్చయిన ప్రతి రూపాన్నీ విడిగా లెక్కిస్తే ఇంకా పెరుగుతాయి.

కుటుంబం లెక్కలోనూ ఒక మోసం ఉంది. తెలుగు నేర్చుకుంటున్న పరభాషీయుడిని ఊహించండి. అతడికి ‘రా’ తెలుసు. ‘వచ్చాడు, రాలేదు, రావడం’ కాస్త కష్టపడి పట్టుకుంటాడు. ‘రాక’ కూడా ఊహించగలడు. మరి ‘రాబడి’? అది ఆదాయం అని ‘రా’ తెలిసినంత మాత్రాన తెలియదు. ఇంగ్లిష్‌లో ‘హార్డ్’ తెలిసినవారికి ‘హార్డ్లీ’ అలాంటిదే. కష్టంగా అనుకుంటారు, దాని అర్థం దాదాపు లేదనడం. పద కుటుంబాల అంకెలు చూసినప్పుడల్లా, ఆ కుటుంబంలో కొందరు సభ్యులు విడికాపురం పెట్టి ఉంటారని గుర్తుంచుకోవాలి.

నూటికి రెండు మాటలు తెలియకపోతే

ఎన్ని మాటలు కావాలన్న ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. దేనికి కావాలన్నది ముందు తేలాలి. న్యూజిలాండ్‌కు చెందిన భాషావేత్త పాల్ నేషన్ ఈ ప్రశ్నను ఇలా మార్చారు: చదువుతున్న పాఠంలో నూటికి ఎన్ని మాటలు తెలిస్తే, నిఘంటువు సాయం లేకుండా అర్థమవుతుంది? ఆయనా ఆయన సహ పరిశోధకురాలూ 2000లో ప్రకటించిన ప్రయోగంలో ఒక కథలోని కొన్ని మాటల స్థానంలో అర్థం లేని మాటలు పెట్టి చదివించారు. 80 శాతం మాటలే తెలిసినవారిలో కథ సరిగా అర్థమైనవారు ఒక్కరూ లేరు. ఎక్కువమందికి అర్థం కావాలంటే సుమారు 98 శాతం తెలిసి ఉండాలని ఆ ఫలితాల నుంచి లెక్కగట్టారు.

తెలుగులో చేసి చూద్దాం. ఇరవై మాటల పాఠం ఇది, ఒక మాట కల్పితం:

నిన్న సాయంత్రం మా ఊరి చెరువుకు గండి పడింది. పొలాల్లోకి నీళ్లు వచ్చాయి. రైతులు ఇసుక డిమ్మెలు మోసుకొచ్చి, తెల్లవారేదాకా కష్టపడి, ఎలాగో ఆ గండి పూడ్చారు.

డిమ్మె అంటే బస్తా అని తడుముకోకుండా తెలిసిపోతుంది. ఇక్కడ మనకు తెలిసినది 95 శాతం. ఇప్పుడు 80 శాతానికి తగ్గిద్దాం:

నిన్న సాయంత్రం మా ఊరి లొటువకు జొమ్మి పడింది. పొలాల్లోకి నీళ్లు వచ్చాయి. రైతులు ఇసుక బస్తాలు మోసుకొచ్చి, తెల్లవారేదాకా కష్టపడి, ఎలాగో ఆ జొమ్మి టొంకారు.

చెరువు గండి కళ్లారా చూసినవారు నీళ్లు, ఇసుక బస్తాలు అన్న ఆనవాళ్లు పట్టుకుని నెట్టుకొస్తారు. చూడనివారికి పొలాల్లో ఏదో జరిగిందని మాత్రమే తెలుస్తుంది. పదసంపద ఒక్కటే చదువును నడిపించదనీ, విషయం ముందే తెలిసి ఉండటం సగం బరువు మోస్తుందనీ ఈ చిన్న ఉదాహరణే చెబుతోంది. క్రికెట్ అభిమాని ఇంగ్లిష్ పత్రికలో ఆటల పేజీ సులువుగా చదివి, సంపాదకీయం దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

300 మాటలున్న పేజీలో 98 శాతం అంటే 6 తెలియని మాటలు. 95 శాతం అంటే 15. 80 శాతం అంటే 60. ఆరింటిని ఊహతో దాటవచ్చు, అరవైని దాటలేం.

నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం నవలలు, వార్తాపత్రికల్లో ఈ 98 శాతం అందుకోవడానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. మాట్లాడే ఇంగ్లిష్‌కు 6,000 నుంచి 7,000 చాలు. ఆ లెక్కలో నన్ను ఎక్కువగా ఆపేది ఇంకో సంగతి. అత్యధికంగా వాడే మొదటి వెయ్యి కుటుంబాలే అచ్చయిన పాఠంలో దాదాపు 80 శాతం ఆక్రమిస్తాయి. రెండో వెయ్యి మరో 8, 9 శాతం. ఆ పైన పల్చబడిపోతుంది. ఆరో వెయ్యి నుంచి తొమ్మిదో వెయ్యి వరకు, అంటే నాలుగు వేల కుటుంబాలు కలిసి ఇచ్చేది సుమారు 2 శాతం మాత్రమే.

మూడు వేలు చాలన్నవారి మాట ఇక్కడ నిజమవుతుంది: మూడు వేలతో పాఠంలో తొమ్మిది పదుల పైచిలుకు తెలిసిపోతుంది. ఇంకా చాలా కావాలన్నవారి మాట కూడా ఇక్కడే నిజమవుతుంది: ఆ చివరి కొద్ది శాతంలోనే వాక్యం అసలు ఏమంటోందో ఉంటుంది. మూడు వేల దాకా చేరినవారికి తాము ఆగిపోయామన్న దిగులు కలగడం సహజం. వాళ్ల శ్రమ తగ్గి కాదు. అక్కడి నుంచి ప్రతి మాటా అరుదుగా కనిపిస్తుంది, కనుక ప్రతిఫలం పల్చగా కనిపిస్తుంది.

ఉన్నతమైన మాటలు ఉండేది మధ్యలో

మొదటి మూడు వేలు తరచుగా వాడే పొర. తొమ్మిది వేల పైన ఉన్నది అరుదైన పొర. ‘ఫరాగో’ వంటివి ఉండేది ఆ పైన. ఈ రెంటి నడుమ ఉన్నదాన్ని భాషావేత్తలు మధ్య పొర అంటారు. మనం ‘అడ్వాన్స్‌డ్’ అని పిలుచుకునే పదసంపద నిజానికి ఇదే.

పాఠశాల విద్యపై పనిచేసిన ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్ ఇదే విషయాన్ని మరో కోణం నుంచి మూడు అంచెలుగా చూపారు. మొదటి అంచెలో బల్ల, అమ్మ, పరుగు వంటి రోజువారీ మాటలు. మూడో అంచెలో ఒక శాస్త్రానికే పరిమితమైనవి, ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లిష్‌లో ఉన్న మాట. రెండో అంచెలో ఏ రంగంలోనైనా తగిలే బరువైన మాటలు. పాఠశాలలో మొదటిది ఇంటి నుంచి వస్తుంది, మూడోదాన్ని ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయులు వివరిస్తారు. రెండోది ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది.

ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యారంగ పదజాబితా ఈ అంచెకు దగ్గరగా ఉంటుంది. అందులో ఉన్నవి 570 కుటుంబాలే. విశ్వవిద్యాలయ పాఠ్యగ్రంథాల్లో సుమారు 10 శాతం వాటిదే. ‘అజ్యూమ్, డెరైవ్, ఇంప్లై, ఇన్‌ఫర్, నాట్‌విత్‌స్టాండింగ్’ ఈ కోవవి. వీటిలో ఏదీ సభలో చప్పట్లు కొట్టించదు. కానీ ‘ఇంప్లై’కీ ‘ఇన్‌ఫర్’కీ తేడా తెలియకపోతే ఒక వాదన ఎవరిదో తారుమారవుతుంది. మన అలంకారశాస్త్రం చదివినవారికి ఈ తేడా చెప్పడం సులువు. మాట ధ్వనింపజేస్తే అది ‘ఇంప్లై’. ఆ ధ్వనిని వినేవారు గ్రహిస్తే అది ‘ఇన్‌ఫర్’. మొదటిది చెప్పేవారి పని, రెండోది వినేవారి పని.

ఒక మాట తెలియడం అంటే ఏం తెలియడం

గుండె, హృదయం రెండూ ఒకటేనా? నిఘంటువు ఒకటే అంటుంది. వాడుక ఒప్పుకోదు. గుండెపోటు అంటాం, హృదయపోటు అనం. హృదయపూర్వక స్వాగతం అంటాం, గుండెపూర్వక స్వాగతం అనం. నీళ్ల బిందె ఉంది, జల బిందె లేదు. జలాశయం ఉంది, నీళ్లాశయం లేదు. ఈ నియమాలు మనకు ఎవరూ బోధించలేదు, ఏ వ్యాకరణంలోనూ పూర్తిగా దొరకవు. వేల సార్లు విని, ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో తెలుసుకున్నాం.

ఇంగ్లిష్ మాట విషయంలోనూ తెలియవలసింది ఇదే. ‘అలీవియేట్, మిటిగేట్, అబేట్’ మూడింటికీ ఇంగ్లిష్–తెలుగు నిఘంటువులు తగ్గించు, ఉపశమింపజేయు అనే అర్థాలు ఇస్తాయి. కానీ ‘అలీవియేట్’ తరచూ నొప్పి, పేదరికం, ఇబ్బంది పక్కన ఉంటుంది. అనుభవించేవారి బరువు దించడం దాని పని. ‘మిటిగేట్’ ముప్పు, నష్టం, ప్రభావం పక్కన ఉంటుంది. జరగబోయేదాని తీవ్రతను ముందే తగ్గించే ఏర్పాటు అది, న్యాయస్థానంలో శిక్ష తగ్గింపునకు దారితీసే పరిస్థితులకూ అదే మాట. ‘అబేట్’ ఎక్కువగా తనంతట తాను జరిగే పని: తుపాను, వరద, కోపం తగ్గుముఖం పట్టడం. నొప్పికి ఉపశమనం, వానకు తగ్గుముఖం అని మనం తెలుగులో ఎంత కచ్చితంగా విడదీస్తామో, అంత కచ్చితంగా వాళ్లూ విడదీస్తారు. తగ్గించు అనే ఒక్క చీటీ మూడింటికీ అంటించి కంఠస్థం చేసినవారు పరీక్షలో గట్టెక్కవచ్చు, వ్యాసం రాసేటప్పుడు దొరికిపోతారు.

పక్కన కూర్చునే మాటలతో పాటు, మాటలో దాగిన మెప్పు, నింద కూడా తెలియాలి. పేరుగాంచిన వైద్యుడు, పేరుమోసిన దొంగ. ఇద్దరికీ పేరే ఉంది. ‘ఫేమస్’, ‘నోటోరియస్’ మధ్య దూరం అంతే. గౌరవంగా పరిచయం చేయబోయి ఒకరిని ‘నోటోరియస్’ అంటే, ఆ సభలో మిగిలేది నిశ్శబ్దమే.

తెలుసనుకున్న మాటలు ఇంకా ప్రమాదకరం. మన కళాశాలల్లో ‘పాస్ అవుట్’ అంటే చదువు పూర్తి చేయడం. బ్రిటన్‌లోనో అమెరికాలోనో అది స్పృహ తప్పి పడిపోవడం. మన తరగతి గదిలో ‘డౌట్’ అంటే అడగవలసిన ప్రశ్న. అక్కడ అది అపనమ్మకానికి దగ్గర. భారతీయ ఇంగ్లిష్‌లో ఇవి తప్పులు కావు, ఇక్కడ అందరికీ అర్థమయ్యే సొంత ప్రయోగాలు. వినేవారు మారినప్పుడే చిక్కు వస్తుంది.

చూస్తే తెలిసే మాటలు, నోటికి వచ్చే మాటలు అనే విభజన కూడా ఇక్కడే పనికొస్తుంది. పోతన పద్యం విని ఆనందించే మనం అందులోని మాటలన్నీ ఉత్తరాల్లో వాడం. ఏ భాషలోనైనా మొదటి సంచి పెద్దది, రెండోది చిన్నది. ఒక మాట మొదటి సంచిలోంచి రెండో సంచిలోకి మారడానికి పైన చెప్పిన సాంగత్యం, మెప్పు, నింద అన్నీ తెలియాలి.

తెలుగు పాఠకుల చేతిలో ముందే ఉన్న తాళంచెవి

ఇంగ్లిష్ మాటలు మూడు పొరలుగా పేరుకున్నాయి. అడుగున జర్మానిక్ మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక వచ్చిన ఫ్రెంచి మాటలు ఆ పైన. పండితులు తెచ్చుకున్న లాటిన్, గ్రీకు మాటలు అన్నింటికీ పైన. అందుకే ‘ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్’ అని మూడు మెట్లు. తెలుగులోనూ అడగడం, ప్రశ్నించడం, విచారణ జరపడం అని మూడు మెట్లున్నాయి, వాటి ఉష్ణోగ్రతలు కూడా దాదాపు అవే. పాలకుల భాష కోర్టుల్లో నిలిచిపోవడం కూడా రెండుచోట్లా ఒకటే. ఇంగ్లిష్‌లో ‘జడ్జి, జ్యూరీ, ప్రిజన్, ఎవిడెన్స్’ ఫ్రెంచి నుంచి వచ్చాయి. తెలుగులో ఫిర్యాదు, వకీలు, జప్తు, ఖైదీ, దస్తావేజు ఫార్సీ, అరబ్బీల నుంచి వచ్చాయి. ఇల్లు, గృహం, నివాసం మధ్య తేడా పట్టగలిగే చెవికి ‘హౌస్, రెసిడెన్స్, డొమిసైల్’ మధ్య తేడా పట్టడం కొత్త విద్య కాదు.

ఇంకో సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రకటించారు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందిందనీ నిరూపించారు. ఈ రెండూ కలిపి చూస్తే ఇలా తేలుతుంది: తెలుగు ఇంగ్లిష్‌కు చుట్టం కాదు, కానీ తెలుగులో కాపురం పెట్టిన తత్సమాలు లాటిన్, గ్రీకు మాటలకు దాయాదులు. ఇంగ్లిష్‌లో పెద్ద మాటలు ఎక్కువగా వచ్చింది ఆ లాటిన్, గ్రీకుల నుంచే.

‘ఎనానిమస్’లో ముందున్నది లేమిని చెప్పే గ్రీకు ఉపసర్గ, తర్వాతది పేరు. అంటే అనామకం. ‘ఎగ్నాస్టిక్’లో ‘అ’ తర్వాత ఉన్నది ‘జ్ఞా’కు దాయాది, మనం దాన్ని అజ్ఞేయవాదం అంటున్నాం. ‘గ్రావిటీ’లో ఉన్నది గురు: బరువు. మన గురుత్వం, వాళ్ల గ్రావిటీ ఒకే వేరు నుంచి చీలిన రెండు కొమ్మలు. ‘మీడియేటర్’ మధ్యవర్తి, అందులో ‘మధ్య’ అలాగే ఉంది. ‘ఇంటర్నేషనల్’లోని ‘ఇంటర్’ మన అంతర్. ‘అలీవియేట్’లో దాగినది లఘువు, అంటే తేలిక చేయడం. ‘ఇగ్నైట్’లో అగ్ని, ‘డెంటల్’లో దంతం, ‘నావిగేట్’లో నావ, ‘ఇన్నోవేషన్’లో నవ్యత, ‘ఇమ్మోర్టల్’లో మృతి. పదో తరగతి దాకా తెలుగు శ్రద్ధగా చదివినవారికి ఈ వేళ్లన్నీ తెలిసినవే. తెలుగు మాధ్యమంలో చదివాను కనుక ఇంగ్లిష్ పెద్ద మాటలు నాకు రావని ఎవరైనా అన్నప్పుడు బాధ కలిగేది ఇందుకే. తాళంచెవి జేబులో ఉంది, అది తాళంచెవి అని చెప్పినవారు లేరు.

వేరు దారి తప్పించేచోటు

అయితే వేళ్లను గుడ్డిగా నమ్మితే దెబ్బ తింటాం. ‘పెడెస్ట్రియన్’లో ఉన్నది లాటిన్ పాదం, మన పాదానికి దాయాదే. అదే ఊపులో ‘పీడియాట్రిక్స్’ పాదాల వైద్యం అనుకుంటే పొరపాటు. అక్కడున్నది శిశువు అని అర్థమిచ్చే గ్రీకు మాట. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చుట్టరికం లేదు.

కాలం చేసే మార్పు ఇంకో గొయ్యి. ‘ఇగ్రీజియస్’కు లాటిన్‌లో మూలార్థం మందలో నుంచి వేరుగా నిలిచినది, అంటే విశిష్టమైనది. ఈనాటి ఇంగ్లిష్‌లో అది ఘోరమైన తప్పుకు వాడే మాట. ఇది మనకు వింత కాకూడదు. ఛాందసుడు అంటే ఒకప్పుడు వేదం చదివినవాడు, ఇప్పుడు మారని మూర్ఖపు పట్టుదల గలవాడు. పాత తెలుగులో కంపు అంటే సువాసన. ఆనాటి కావ్యంలో కంపు కనిపించగానే ముక్కు మూసుకునేవారు ఎంత తప్పుతారో, వేరును బట్టి ‘ఇగ్రీజియస్’ను పొగడ్తగా వాడేవారు అంతే తప్పుతారు. వేరు మాటను గుర్తుంచుకోవడానికి గట్టి కొక్కెం. ఇవాళ్టి అర్థాన్ని తేల్చేది మాత్రం ఇవాళ్టి వాక్యమే.

జాబితానా, పఠనమా: ఎడతెగని వాదం

అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వంటివారి వాదన ఇది: అర్థమయ్యే స్థాయిలో విస్తారంగా చదివితే మాటలు వాటంతటవే అబ్బుతాయి, బట్టీ పట్టినవి నిలవవు. గుండెకూ హృదయానికీ తేడా మనకు వచ్చింది ఈ దారిలోనే కనుక దీన్ని కొట్టిపారేయలేం. కానీ కాలం ఎంత పడుతుంది? ఒక మాట నిలవాలంటే పదిపన్నెండు సార్లు ఎదురుపడాలనుకుంటే, తొమ్మిదో వెయ్యిలోని మాటలు అన్నిసార్లు కనబడటానికి సుమారు 30 లక్షల మాటలు చదవాలని నేషన్ 2014లో అంచనా వేశారు. నిమిషానికి 150 మాటల వేగంతో అది 20,000 నిమిషాలు, అంటే 333 గంటలు. రోజుకు గంట చదివితే దాదాపు ఏడాది. నవలలు ఇష్టపడేవారికి అది వరం. నాలుగు నెలల్లో పరీక్ష ఉన్నవారికి అందని దూరం.

రెండో పక్షం చెప్పేది: మాటను, అర్థాన్ని జతగా పెట్టి, వ్యవధి పెంచుతూ మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటే తక్కువ సమయంలో ఎక్కువ నిలుస్తాయి. దీనికి పునాది 1885 నాటిది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులు తానే కంఠస్థం చేసి, తానే మరచిపోతూ, మరపు మొదట్లో వేగంగానూ తర్వాత నెమ్మదిగానూ సాగుతుందని కొలిచారు. అట్టముక్కలపై మాటలు రాసి తిరగేసే పద్ధతికీ, ఇప్పుడు ఫోనుల్లో ఉన్న ‘ఆంకీ’ వంటి సాధనాలకూ ఆధారం అదే. లెక్క వేసి చూద్దాం. రోజుకు పది కొత్త మాటలు, ప్రతి మాటా 1, 3, 7, 15, 30వ రోజుల్లో మళ్లీ చూడాలి. నెల గడిచేసరికి రోజుకు పది కొత్తవి, యాభై పాతవి, మొత్తం అరవై. ఒక్కోదానికి పది సెకన్లయితే పది నిమిషాలు. ఏడాదికి 3,600 మాటల పైన. భారం ఇంత తేలికా అనిపిస్తుంది. అయితే ఆ పది సెకన్లలో నిలిచేది రూపం, అర్థం జత మాత్రమే. ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందన్నది ఆ అట్టముక్కపై ఉండదు.

అందుకే ఈ రంగంలో చాలామంది రెండూ ఒకదానికొకటి శత్రువులు కావంటారు. జాబితా మాటతో పరిచయం చేస్తుంది, చదువు స్నేహం కలుపుతుంది. నా మొగ్గూ ఇటే.

మన దగ్గర జాబితాలకు ఇంత పట్టు రావడానికి పరీక్షలే కారణం. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో వ్యతిరేకార్థాలు, పోలికలు అడిగేవారు. మాటను ఒంటరిగా నిలబెట్టి అర్థం అడిగే ప్రశ్నలవి. వాటికి జాబితా సరిగ్గా సరిపోయే సాధనం. ఆ ఏడాది వాటిని తీసేసి వాక్యంలో ఖాళీలు నింపే ప్రశ్నలకు ప్రాధాన్యం ఇచ్చారు. పాత జాబితాలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇప్పటి ప్రశ్న ఒకటి ఎలా ఉంటుందో తెలుగులో ఊహిద్దాం. ‘ఆయన మామూలుగా చాలా ______, ఆ సాయంత్రం మాత్రం గంటసేపు ఆపకుండా మాట్లాడారు.’ ఆ ఖాళీలో ఒకే అర్థం ఇచ్చే రెండు మాటలు ఆరింటిలోంచి ఎంచాలి. అందులో ‘టాసిటర్న్, రెటిసెంట్’ ఉన్నాయి, ‘గారలస్, లొక్వేషస్’ కూడా ఉన్నాయి. రెండూ చక్కని జంటలే. మొదటిది మితభాషి, రెండోది వదరుబోతు. జంట దొరికిందని ఆగినవారు తప్పుతారు. ‘మాత్రం’ అనే చిన్న మాట వాక్యాన్ని తిప్పిందని చూసినవారు గట్టెక్కుతారు. ప్రశ్నలో మాటల జ్ఞానం ఎంతో, వాక్యం చదివే నేర్పూ అంతే.

పెద్ద మాటలే వద్దనే పక్షం

2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ ప్రకటించిన ప్రయోగాల్లో, అవసరం లేని పొడవైన మాటలతో నింపిన రచనను చదివినవారు రచయిత తెలివిని తక్కువగా అంచనా వేశారు. 2010లో ప్రభుత్వ పత్రాలు సరళంగా ఉండాలని అమెరికా చట్టమే చేసింది. గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికంపై చేసిన పోరాటం తెలిసిన మనకు ఈ వాదన సొంతింటిదే. అయితే పంతులు గారు మాటల పేదరికాన్ని కోరలేదు, జనానికి బతికున్న మాటలు కావాలన్నారు. ‘మిటిగేట్’ అవసరమైనచోట దానికి సరళమైన సమానార్థకం లేదు. ‘హెల్ప్’ చాలినచోట ‘ఫెసిలిటేట్’ రాయడం వేరు. ఈ రెండు సందర్భాలనూ విడదీయకుండా వాదించుకోవడం వల్లే ఈ చర్చ తెగదు.

ఎంత వచ్చిందో కొలిచే పరీక్ష ఏం చూడదు

నేషన్, బెగ్లార్ 2007లో ప్రకటించిన పదసంపద పరీక్షలో 140 ప్రశ్నలు. ఒక్కో వెయ్యి కుటుంబాల నుంచి పదేసి మాటలు, మొత్తం పద్నాలుగు వేల దాకా. కాబట్టి ప్రతి సరైన జవాబూ వంద కుటుంబాలతో సమానం. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇస్తారు. ఒక్క మాటా రానివారు కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా సగటున 35 కలుస్తాయి. వందతో గుణిస్తే 3,500 కుటుంబాలు. ఇలాంటి పరీక్ష ఇచ్చే అంకెను చూసి పొంగిపోయేముందు, కుంగిపోయేముందు ఈ గుణకారం ఒకసారి చేసుకోవడం మంచిది.

పైగా అది అడిగేది చూస్తే తెలుస్తుందా అన్న ఒక్క ప్రశ్న. ‘అలీవియేట్’ ఎదురుగా ఉపశమింపజేయు అన్న అర్థాన్ని గుర్తించినవారికి మార్కు పడుతుంది. అదే వ్యక్తి మర్నాడు ఉత్తరంలో వానకు ఆ మాట వాడినా, ఆ మార్కు అలాగే ఉంటుంది.